సర్టిఫికెట్లున్నాయి, పక్కన నిలబడే మనిషే లేడు

మేధో వైకల్యం, ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకి మన రెండు రాష్ట్రాల్లోనూ 18 ఏళ్లు వచ్చేదాకా ఏదో ఒక ఆసరా ఉంది. ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాలున్నాయి, వాటిలో ఈ పిల్లలకి నేర్పే ఐఈఆర్‌పీ టీచర్లుంటారు, వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్ ఉంటే పింఛను వస్తుంది, కాస్త ఉన్నవాళ్లయితే హైదరాబాద్‌లోనో విశాఖలోనో స్పెషల్ స్కూల్లో చేర్పిస్తారు. 18 దాటాక చాలా ఇళ్లలో మిగిలేది పింఛను ఒక్కటే. అబ్బాయి టీవీ ముందు కూర్చుంటాడు, అమ్మాయి అమ్మ వెనకాలే వంటింట్లో తిరుగుతుంటుంది, పాతికేళ్లొచ్చేసరికి స్కూల్లో నేర్చుకున్నది సగం మర్చిపోతారు, ఒళ్లు పెరుగుతుంది, చిరాకు పెరుగుతుంది. తల్లిదండ్రులకేమో మా తర్వాత వీడి గతేంటన్న టెన్షన్.

దీనికి అందరూ చెప్పే మందు ఒకటే: శిక్షణ. ఏదో ఒక పని నేర్పితే ఎక్కడో చోట బతుకుతారని. వినడానికి బాగానే ఉంటుంది కానీ ఏళ్ల తరబడి శిక్షణ తీసుకున్న వాళ్లే శిక్షణ కేంద్రంలోనే ఉండిపోతున్నారు కదా, దాని సంగతేంటి? లోటు శిక్షణలో లేదు. ఉద్యోగంలో చేరిన మొదటి మూడు నెలలు వాళ్ల పక్కన నిలబడి, పని విడమర్చి చూపించి, యజమానికి ధైర్యం చెప్పి, మెల్లగా తప్పుకునే మనిషి లేకపోవడమే అసలు లోటు. ఆ మనిషినే జాబ్ కోచ్ అంటారు. మన దగ్గర ఆ పోస్టుకి జీతమిచ్చేవాళ్లు దాదాపు లేరు.

ముందు చట్టం సంగతి చూద్దాం, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులు రిజర్వేషన్ ఉంది కదా అనే ఆశతోనే ఉంటారు. 1995 నాటి వికలాంగుల చట్టం మేధో వైకల్యాన్ని వైకల్యంగా గుర్తించింది కానీ ఉద్యోగాల్లో ఇచ్చిన 3 శాతం కోటాలో వీళ్లకి చోటు లేదు; చూపు, వినికిడి, అవయవ లోపాలకి తలా ఒక శాతం చొప్పున పంచేసింది. 2016 చట్టం వచ్చాక కోటా 4 శాతం అయింది, ఆ పెరిగిన ఒక శాతంలోకి ఆటిజం, మేధో వైకల్యం, స్పెసిఫిక్ లెర్నింగ్ డిజేబిలిటీ (చదవడం, రాయడం లాంటి వాటిలోనే ఇబ్బంది), మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు అన్నీ కలిపి చేర్చారు. ఇక్కడే చిక్కొచ్చింది. ఆ ఒక్క శాతం కోసం రాత పరీక్ష పెడితే, చదవడంలో మాత్రమే ఇబ్బంది ఉన్న డిగ్రీ కుర్రాడూ, మోడరేట్ స్థాయి మేధో వైకల్యం ఉన్న అమ్మాయీ ఒకే వరసలో కూర్చుంటారు. ఎవరికొస్తుందో చెప్పక్కర్లేదు. అసలు పరీక్ష దాకా వెళ్లడానికే చాలా పోస్టులకి పదో తరగతి కావాలి. ఓపెన్ స్కూల్లో పది గట్టెక్కే పిల్లలు లేకపోలేదు, కానీ వాళ్లు కొద్దిమందే. ఏ లోపం వల్ల కోటా ఇచ్చారో ఆ లోపాన్నే పరీక్షపెట్టి ఏరేస్తే ఆ కోటా ఎవరి కోసం?

ప్రైవేటు రంగానికి వస్తే చట్టంలో బలవంతం లేదు. ఉద్యోగుల్లో కనీసం 5 శాతం మంది వికలాంగులుండేలా ప్రోత్సాహకాలివ్వాలని 35వ సెక్షన్ ప్రభుత్వాలకి చెబుతుంది, అదీ వాళ్ల ఆర్థిక స్తోమతను బట్టి. కంపెనీలు ఆ 5 శాతం లెక్క పెట్టుకున్నా ముందు కాలు సరిగా లేని అకౌంటెంట్‌ని తీసుకుంటాయి, తర్వాత వినపడని డేటా ఎంట్రీ ఆపరేటర్‌ని. తీసుకోవాల్సిందే, వాళ్లకీ ఉద్యోగాలు దొరకడం లేదు. 2018 జాతీయ నమూనా సర్వే ప్రకారం అన్ని రకాల వైకల్యాలూ కలిపి 15 ఏళ్లు దాటినవాళ్లలో పనిచేస్తున్నవాళ్లూ, పని వెతుక్కుంటున్నవాళ్లూ నూటికి 24 మంది కూడా లేరు. 2011 జనాభా లెక్కల్లో మేధో వైకల్యం కింద నమోదైన వాళ్లు సుమారు 15 లక్షలు. ఆ వరసలో చివర నిలబడేది వీళ్లే.

యజమానులు భయపడే కాగితం ఇంకొకటుంది, సర్టిఫికెట్. అందులో 75 శాతం వైకల్యం అని రాసి ఉంటుంది. చూసినాయన ఏమనుకుంటాడంటే, మనిషిలో పాతిక శాతమే పనికొస్తుందని. కానీ ఆ అంకె పని కొలత కాదు. ఐక్యూ పరీక్షతో పాటు వైన్‌లాండ్ స్కేల్ అనే పద్ధతిలో, అంటే తనంతట తాను తినడం, బట్టలేసుకోవడం, బయటికెళ్లి రావడం లాంటివి లెక్కేసి, మైల్డ్ అని తేలితే 50 శాతం, మోడరేట్ అయితే 75 శాతం అని రాసేస్తారు. పింఛనుకీ రాయితీలకీ పనికొచ్చే అంకె అది. మోడరేట్ అని రాసిన కుర్రాడు రోజుకి ఎనిమిది గంటలు ఒకే పనిని విసుగు లేకుండా, పొద్దుట ఎలా చేశాడో సాయంత్రమూ అలాగే చేయగలడా లేదా అన్నది ఆ కాగితం చెప్పదు. చాలామంది చేయగలరు కూడా.

ఇప్పుడు శిక్షణ కేంద్రాల సంగతి. ఈ రంగానికి దేశం మొత్తానికీ పెద్దదిక్కులాంటి సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఉంది, 1984లో పెట్టారు, ఇప్పుడు దాన్ని ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ అంతకంటే పాతది. అంటే మనకి తెలివిలేకా కాదు, నేర్పేవాళ్లు లేకా కాదు. కానీ ఏ ఊళ్లో ఏ ఒకేషనల్ సెంటర్‌కి వెళ్లినా కనిపించే సరుకు ఒకటే: కొవ్వొత్తులు, రంగులేసిన ప్రమిదలు, పేపర్ కవర్లు, ఫైళ్లు, ఫినాయిల్, గుడ్డ సంచులు. అన్ని చోట్లా ఇవే ఎందుకంటే ఇవి నేర్పడం తేలిక, పెట్టుబడి తక్కువ. అమ్మకం మాత్రం దీపావళికి ఒకసారి, వికలాంగుల దినోత్సవమని డిసెంబర్ 3న ఇంకోసారి. కొనేవాళ్లు జాలితో ఒకసారి కొంటారు, రెండోసారి ఫినాయిల్ కావాలంటే షాపుకే వెళ్తారు. వచ్చిన దాంట్లోంచి పిల్లలకిచ్చేది చేతిఖర్చు, దాన్ని స్టైపెండ్ అంటారు. ఉద్యోగానికి సిద్ధం చేస్తున్నాం అంటారు, ఆ సిద్ధం చేయడం పదేళ్లయినా అవ్వదు, ఎందుకంటే బయట ఎవరికీ ప్రమిదలకి రంగులేసే ఉద్యోగి అక్కర్లేదు. సెంటర్ల వాళ్లని తప్పుపట్టి లాభం లేదు; పొద్దున్నించి సాయంత్రం దాకా పిల్లల్ని క్షేమంగా చూసుకుంటున్నారు, తల్లి కాస్త ఊపిరి పీల్చుకుంటోంది, అది చిన్న సాయమేం కాదు. దాన్ని ఉద్యోగం అనకుండా ఉంటే చాలు.

ముందు నేర్పి తర్వాత ఉద్యోగం చూద్దాం అనే ఈ వరస తలకిందులని 1970ల్లోనే తేలిపోయింది. అమెరికాలో మార్క్ గోల్డ్ అనే పరిశోధకుడు, అప్పటిదాకా దేనికీ పనికిరారని షెల్టర్డ్ వర్క్‌షాపుల్లో, అంటే వికలాంగుల కోసమే విడిగా నడిపే పనిచోట్ల, కూర్చోబెట్టిన వాళ్లకి 15 ముక్కల సైకిల్ బ్రేకు బిగించడం నేర్పాడు. పెద్దగా మాటల్లేవు. ప్రతి ముక్కకీ ఒకవైపు రంగు పూసి, ఎటు తిప్పి పెట్టాలో ఆ రంగే చెప్పేలా చేశాడు. నేర్చుకోలేకపోతే లోపం నేర్పే పద్ధతిలో ఉందని ఆయన వాదన. తర్వాత 1980ల్లో సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్ అనే పద్ధతి గట్టిపడింది: ముందు నిజమైన ఉద్యోగంలో పెట్టు, ఆ చోటే, ఆ సామాన్ల మధ్యే, ఆ మనుషుల మధ్యే నేర్పు. దీనికి కారణం చాలా సాదా సీదాది. ఈ పిల్లలకి ఒక చోట నేర్చుకున్నది ఇంకో చోటికి మోసుకెళ్లడం కష్టం. సెంటర్లో నీలం బకెట్‌తో గచ్చు తుడవడం నేర్చుకున్న అమ్మాయి ఆఫీసులో ఎర్ర బకెట్ ఇస్తే ఆగిపోవచ్చు. అలాంటప్పుడు సెంటర్లో రెండేళ్లు నేర్పడం కంటే ఆ ఆఫీసులో రెండు వారాలు నేర్పడం నయం కదా.

ఈ పద్ధతి ఎలా నడుస్తుందో చెప్పడానికి మంచి ఉదాహరణ ప్రాజెక్ట్ సెర్చ్. 1996లో సిన్సినాటి చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో మొదలైంది. అక్కడ ఎమర్జెన్సీ విభాగం చూసే నర్సింగ్ డైరెక్టర్‌కి ఒక తలనొప్పి ఉండేది: గదుల్లో దూదీ, సిరంజీలూ, గ్లవ్స్ అన్నీ సర్దిపెట్టే కింది స్థాయి ఉద్యోగాల్లో ఎవరూ నిలిచేవాళ్లు కాదు. ఆమె దయతో మొదలుపెట్టలేదు, ఖాళీతో మొదలుపెట్టింది. ఎప్పుడూ ఒకేలా, ఒక్కటి కూడా తప్పకుండా చేయాల్సిన పని అది. అలాంటి పని ఇష్టంగా చేసే మేధో వైకల్యం ఉన్న కుర్రాళ్లని తీసుకుంది. ఇప్పుడు స్కూలు చివరి ఏడాది మొత్తం పిల్లలు ఆసుపత్రిలోనో కంపెనీలోనో గడుపుతారు, పది పది వారాల చొప్పున మూడు విభాగాల్లో ఇంటర్న్‌షిప్ చేస్తారు, టీచరూ జాబ్ కోచూ అక్కడే ఉంటారు. ఇది చాలా దేశాలకి పాకింది. మన కార్పొరేట్ ఆసుపత్రుల్లో స్టోర్లు, లాండ్రీ, మెడికల్ రికార్డుల గది చూసినవాళ్లెవరికైనా ఇలాంటి పని ఇక్కడా ఎంతుందో అర్థమవుతుంది.

మన చోటికే వద్దాం. ఒక మాదిరి సూపర్ మార్కెట్ వెనక గదిలో కందిపప్పు అరకిలో ప్యాకెట్లు కట్టే పని అనుకోండి. అంకెలు చదవడం రాని కుర్రాడికి ఇది సాధ్యం కాదనిపిస్తుంది. కోచ్ చేసేదేమిటంటే, ముందు తనే రెండు రోజులు ఆ పని చేసి చూస్తాడు, దాన్ని ముక్కలు చేస్తాడు: కవర్ తీయడం, నోరు తెరవడం, గరిటెతో పోయడం, కాటా మీద పెట్టడం, అంకె చూడటం, సీల్ వేయడం, ట్రేలో పెట్టడం. ఎక్కడ ఆగిపోతాడో అక్కడ ఒక చిన్న ఏర్పాటు. కాటా పక్కన 500 అని పెద్దగా రాసిన అట్ట అతికిస్తాడు. చదవక్కర్లేదు, తెర మీద అంకె అట్ట మీద అంకెలాగే ఉందో లేదో పోల్చుకుంటే చాలు. పది లెక్కపెట్టడం రాదా, పది గళ్లున్న ట్రే. గళ్లు నిండితే పది అయినట్టే. ఇంతవరకూ బాగానే ఉంటుంది, తర్వాతే అసలు సమస్య వస్తుంది. ఆటిజం ఉన్న కుర్రాడైతే తెర మీద 501 కనిపించగానే ఒక్కో గింజా తీస్తూ కూర్చుంటాడు, గంటకి నాలుగు ప్యాకెట్లు కూడా అవ్వవు, సూపర్‌వైజర్‌కి కోపమొస్తుంది. కోచ్ లేకపోతే ఆ సాయంత్రంతో ఉద్యోగం పోయినట్టే. కోచ్ ఉంటే, తక్కువ, సరి, ఎక్కువ అని లైటుతో చూపించే కాటా పెట్టమంటాడు, సరి లైటు వెలిగితే చాలని నేర్పుతాడు. అది ఫ్యాక్టరీల్లో ఎప్పటినుంచో వాడే మామూలు కాటాయే. అది పెట్టాక మిగతా పనివాళ్లు కూడా దాన్నే వాడుకుంటారు.

కోచ్ పనిలో కష్టమైనది నేర్పడం కాదు, తప్పుకోవడం. మొదటి వారం చెయ్యి పట్టుకుని చూపిస్తాడు, తర్వాత వేలితో సైగ, తర్వాత రెండడుగుల దూరంలో నిలబడటం, తర్వాత గది బయట, తర్వాత వారానికి ఒకసారి రావడం, చివరికి ఫోన్. ఇలా తగ్గించుకుంటూ పోకపోతే కుర్రాడు పనికి కాదు, కోచ్‌కి అలవాటు పడతాడు. అందుకే ఇంట్లోవాళ్లు కోచ్‌గా పనికిరారు, అమ్మ తప్పుకోలేదు.

ఇంకో విషయం, ఈ ఉద్యోగాలు పోయేది పని రాక కాదు. యజమానిని అడిగి చూడండి, "పని బాగానే చేస్తాడండీ, కాకపోతే..." అంటాడు. ఆ కాకపోతే తర్వాత వచ్చేవన్నీ వేరే: మధ్యాహ్నం భోజనాల దగ్గర పక్కవాడి డబ్బాలో చెయ్యి పెట్టాడు, కస్టమర్ అరిస్తే ఏడ్చాడు, రోజూ ఎక్కే బస్సు రాకపోతే ఇంకో బస్సెక్కక తిరిగి ఇంటికెళ్లిపోయాడు, పాత సూపర్‌వైజర్ మానేశాడు కొత్తాయనకి ఏమీ చెప్పలేదు. నేర్పాల్సినవి ఇవి. సెంటర్లో నేర్పేది కొవ్వొత్తి పోయడం.

ఇంటి వైపు నుంచి ఉన్న అడ్డంకి ఎక్కువమంది పైకి చెప్పరు. పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వికలాంగుల పింఛను నెలకి 6,000, తెలంగాణలో 4,016. పార్ట్ టైం ఉద్యోగంలో వచ్చేది దానికి కాస్త అటూ ఇటూ. ఉద్యోగం రేపు ఉంటుందో లేదో తెలియదు, పింఛను ఒకసారి పోతే మళ్లీ సదరం క్యాంపు, మళ్లీ స్లాట్ బుకింగు, మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగడం. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పింఛన్ల పునఃపరిశీలన జరిగాక ఈ భయం ఇంకా పెరిగింది. వీడు పనిచేస్తున్నాడని ఎవరైనా చెబితే వైకల్యమే లేదంటారేమో అని జీతం చేతికే ఇవ్వమనే తల్లిదండ్రులున్నారు. వాళ్లని తప్పుపట్టలేం, ఆ లెక్క వాళ్ల కోణంలో సరైనదే. ఉద్యోగంలో చేరిన మొదటి రెండేళ్లు పింఛను ముట్టుకోం, ఉద్యోగం పోతే కొత్త పరీక్షలు లేకుండా పాత పింఛనే నడుస్తుంది అని రాతపూర్వకంగా ప్రభుత్వం చెబితే సగం భయం తగ్గుతుంది. ఈ గొడవ మనకొక్కరికే లేదు. అమెరికాలో ఎస్ఎస్ఐ అనే సాయం తీసుకునే మనిషి దగ్గర 2,000 డాలర్ల కంటే ఎక్కువ ఆస్తి ఉండకూడదు, ఆ పరిమితి 1989 నుంచి మారలేదు. అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో ఆటిజం ఉన్న పిల్లలున్నవాళ్లకి ఇది బాగా తెలిసిన తలనొప్పి. ఆ పరిమితి అడ్డు రాకుండా పొదుపు చేసుకోవడానికి 2014లో ఏబుల్ ఖాతాలు తెచ్చాక కొంత ఊరట.

ఆడపిల్లలది ఇంకో కథ. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచీ, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచీ ఆడవాళ్లకి బస్సు ఉచితం, కాబట్టి అమ్మాయికీ, దించి రావడానికి వెళ్లే అమ్మకీ బస్సు ఖర్చు లేదు. అయినా పంపరు, ఎందుకంటే భయం ఛార్జీ గురించి కాదు. తనకి జరిగింది తను చెప్పలేని పిల్లని ఏ ధైర్యంతో పంపుతారు? ఉన్న ఉదాహరణల్లో అమ్మాయిలు నిలదొక్కుకున్నది ఎక్కువగా ఒకే చోట ఇద్దరు ముగ్గురిని కలిపి తీసుకున్నప్పుడు, పైన ఆడ సూపర్‌వైజర్ ఉన్నప్పుడు.

బ్యాంకు ఖాతా ఇంకో ముడి. 18 నిండాక తల్లిదండ్రులు కూడా చట్టప్రకారం సంరక్షకులు కారు, జీతం ఖాతా తెరవబోతే బ్యాంకువాళ్లు సంతకం పెట్టగలడా అని అడుగుతారు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ గార్డియన్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తుంది, బ్యాంకులు దాన్ని ఒప్పుకోవాలి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్నవాళ్లకే ఇది వర్తిస్తుంది. ఉద్యోగం వచ్చాక పరుగెత్తే బదులు 18 నిండగానే దరఖాస్తు పెట్టుకోవడం మంచిది.

టీవీల్లోనూ రీల్స్‌లోనూ కనిపించే విజయగాథల గురించి ఒక మాట. ఎస్ఏపీ కంపెనీ 2013లో ఆటిజం ఉన్నవాళ్లని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లోకి తీసుకోవడం మొదలుపెట్టింది, బెంగళూరులో కూడా తీసుకుంది, చాలా మంచి పని. కానీ అది డిగ్రీలు చదివిన, ఇంటర్వ్యూలో కళ్లలోకి చూడలేక ఓడిపోయే కుర్రాళ్ల దారి. మేధో వైకల్యం ఉన్నవాళ్లకి ఆ దారి తెరుచుకోదు, రెండింటినీ కలిపేస్తే తల్లిదండ్రులకి లేనిపోని ఆశ. లెమన్ ట్రీ హోటళ్లలో డౌన్ సిండ్రోమ్ ఉన్న కుర్రాళ్లు రెస్టారెంట్లలో పనిచేస్తున్నారు, వికలాంగులే నడిపే మిట్టీ కెఫే 2017లో హుబ్లీలో మొదలై సుప్రీంకోర్టు ఆవరణ దాకా వెళ్లింది. వీటి వల్ల జరిగిన పెద్ద మేలు, కస్టమర్లకి కళ్లెదుట కనిపించడం. అయితే ఉద్యోగులంతా వికలాంగులే ఉండే కెఫేలు ఎన్ని పెట్టినా వందల్లో మాటే. లక్షల్లో ఉద్యోగాలు రావాలంటే మామూలు కిరాణా షాపు, మామూలు లాండ్రీ, మామూలు నర్సరీ ఒక్కొక్కరిని తీసుకోవాలి. పెద్ద కంపెనీలు సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద సెంటర్‌కి చెక్కు ఇచ్చి ఫొటో దిగుతాయి గానీ తమ క్యాంటీన్‌లో ఒక్కరిని పెట్టుకోవు.

జీతం విషయంలోనూ జాగ్రత్త కావాలి. అమెరికాలో 1938 చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది, వికలాంగులకి కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వొచ్చని. దాన్ని వాడుకుని కొన్ని వర్క్‌షాపులు దశాబ్దాల పాటు గంటకి సెంట్ల లెక్కన ఇచ్చాయి. మన పాత 1948 కనీస వేతనాల చట్టంలో కూడా వికలాంగులైన ఉద్యోగులకి మినహాయింపు ఇచ్చే వీలుండేది. పల్లెల్లో ఏ చట్టం లేకుండానే ఇది జరుగుతుంటుంది: అన్నం పెట్టి, పండగకి బట్టలు కొనిపెట్టి, ఏళ్ల తరబడి గేదెలు కాయించుకుంటారు, ఊరంతా వాడు పాపం అంటుంది, వాడు చేసేది పని అని ఎవరూ అనరు. పనిలో వేగం తక్కువైతే గంటలు తగ్గించి, ఆ గంటలకి పూర్తి రేటు ఇవ్వొచ్చు.

ఇక కోచ్ ఖర్చు. ఒక కోచ్‌కి నెలకి 25 వేలు ఇస్తే ఏడాదికి 3 లక్షలు. మూడు నెలలకి ఇద్దరి చొప్పున నిలబెట్టాడనుకుందాం, ఏడాదికి 8 మంది, అంటే మనిషికి 37,500. ఆంధ్రలో ఒక్కరికిచ్చే ఏడాది పింఛనే 72 వేలు. పింఛను తీసేసి దీనికి పెట్టాలని కాదు, పింఛనిచ్చే ప్రభుత్వానికి ఇది భరించలేని ఖర్చు కాదని. 8 మందిలో ముగ్గురు నిలబడకపోయినా లెక్క తేడా రాదు. ఈ డబ్బు యజమాని పెట్టుకోడు, చిన్న షాపువాడు అసలే పెట్టుకోలేడు, తల్లిదండ్రుల్లో పెట్టుకోగలిగేది కొందరే.

కోచ్‌లు ఎక్కణ్నుంచి వస్తారన్నది అంత పెద్ద ప్రశ్న కాదు. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమాలు, బీఈడీలు చేసి కాంట్రాక్టు ఉద్యోగాల కోసం చూస్తున్నవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. భవిత కేంద్రంలో పనిచేసే ఐఈఆర్‌పీకి ఆ పిల్ల దేనికి బెదురుతుందో, ఏ మాట చెబితే వింటుందో, ఇంట్లో ఎవరు ఒప్పుకుంటే మిగతావాళ్లు ఒప్పుకుంటారో ఏళ్లుగా తెలుసు, మండల కేంద్రంలో ఏ షాపు ఎవరిదో కూడా తెలుసు. వాళ్లలో మండలానికి ఒకరికి ఆరు వారాల కోచింగ్ శిక్షణ ఇచ్చి, 16 ఏళ్లు దాటిన పిల్లల్ని వాళ్లకి అప్పజెప్పి, ఆ బాధ్యత 21 దాకా సాగేలా చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. విద్యాశాఖా, దివ్యాంగుల సంక్షేమ శాఖా కూర్చుని జీతం ఏ పద్దులోంచి ఇవ్వాలో తేల్చుకుని ఒక జీవో ఇస్తే సరిపోతుంది.